మార్చి నెలంతా నా ఒక్కదాని తలలోనే తిరుగుతోంది

ప్రశ్న: అమ్మా, మాది తెనాలి. నేను ఒక సహకార బ్యాంకులో పనిచేస్తాను. మా వారికి మందుల షాపు ఉంది. పొద్దున తొమ్మిదికి వెళ్తే రాత్రి పదికి వస్తారు. బాబు పదో తరగతి, పాప నాలుగు. అత్తగారు మాతోనే ఉంటారు, ఆవిడకి బీపీ, షుగర్ ఉన్నాయి. మార్చి వచ్చేసరికి నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు. బాబుకి పబ్లిక్ పరీక్షలు, పాపకి ఒంటిపూట బడి, బ్యాంకులో ఇయర్ ఎండింగ్, మధ్యలో ఉగాది, పాప బడిలో వార్షికోత్సవం, వచ్చే ఏడాది ఫీజులు, బాబుని ఏ కాలేజీలో చేర్చాలన్న చర్చలు. బడి వాట్సాప్ గ్రూపులో రోజుకి వంద మెసేజ్‌లు. మొన్న పాప ప్రాజెక్టుకి చార్ట్ కొనడం మర్చిపోయాను. అది ఏడ్చుకుంటూ బడికి వెళ్లింది. ఆ రాత్రే బాబు చేతిలో ఫోన్ కనిపిస్తే "నువ్వు ఫెయిలైతే నేను ఊళ్లో తలెత్తుకుని తిరగలేను" అని అరిచేశాను. అప్పటినుంచి వాడు నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి, ఇంకా ఏం మర్చిపోయానా అని వెతుక్కుంటూ పడుకుంటున్నాను. అందరూ నెట్టుకొస్తున్నారు కదా, నాకే ఎందుకు చేతకావడం లేదు? ఇంకో చిన్న మాట. పాప వార్షికోత్సవం మార్చి చివరి శనివారం సాయంత్రం. ఆ రోజు బ్యాంకు నుంచి త్వరగా రావడం కుదిరేలా లేదు. వెళ్లకపోతే తప్పవుతుందా?

– ఒక అమ్మ

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి అందులో ఎన్ని పనులున్నాయో లెక్కపెట్టాను. రెండోసారి, ఆ పనుల్లో ఏది ఎవరికి గుర్తుందో చూశాను. అన్నీ మీకే గుర్తున్నాయి. చార్ట్ కొనాలన్న సంగతి మీ వారికి తెలిసి ఉండదు. వార్షికోత్సవం ఏ రోజో అత్తగారికి తెలిసి ఉండదు. బాబు హాల్ టికెట్ ఏ బీరువాలో ఉందో బాబుకే తెలియకపోవచ్చు. ఐదుగురున్న ఇంట్లో మార్చి నెల మొత్తం ఒక్కరి తలలో ఉంటే, ఆ ఒక్కరికి రాత్రి రెండింటికి మెలకువ రాక ఏమవుతుంది?

నేను 31 ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. చివర్లో ప్రధానోపాధ్యాయురాలిగా ఆరేళ్లు చేశాను. ప్రతి మార్చి నెలా అటు బడి, ఇటు ఇల్లు చూసుకున్నాను కాబట్టి మీరు రాసినదాంట్లో ఒక్క ముక్క కూడా నాకు కొత్త కాదు. మా అమ్మాయి మూడో తరగతిలో ఉన్నప్పుడు ఒకటి జరిగింది. ఒంటిపూట బడులు మొదలైన రోజు. మా బడిలో ఒంటిపూట టైమ్‌టేబుల్ వేసింది నేనే, నోటీసు బోర్డు మీద రాసింది నేనే. మా అమ్మాయి బడి కూడా ఆ రోజు 12:30కే వదిలేస్తారన్నది మాత్రం నాకు తట్టలేదు. ఆటో అబ్బాయికి చెప్పలేదు. ఒంటి గంటన్నరకి పక్కింటావిడ బడికి ఫోన్ చేసి చెబితే పరుగెత్తాను. గేటు పక్కన వేపచెట్టు కింద, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. నీళ్ల సీసా ఖాళీ. ఏడవడం లేదు. "మర్చిపోయావా అమ్మా?" అని అడిగింది, అంతే. ఆ మాట నాకు చాలా ఏళ్లు వినిపించింది. ఆ రోజు రాత్రి మా వారిని అడిగితే "నీకు తెలుసు కదా అనుకున్నాను" అన్నారు. మా అత్తగారూ అదే అన్నారు. అందరూ నాకు తెలుసనుకున్నారు. నాకు తెలుసు కూడా. తెలిసిన వంద సంగతుల్లో అదొక్కటి జారిపోయింది.

అందుకని మీకు చేతకావడం లేదన్న మాట నేను ఒప్పుకోను. చార్ట్ మర్చిపోవడం మీ బద్ధకం వల్లనో, పిల్లల మీద ప్రేమ లేకనో జరగలేదు. ఒక మనిషి బుర్రలో పట్టనంత కుక్కితే ఏదో ఒకటి బయటికి జారుతుంది. ఆ రోజు చార్ట్ జారింది.

ఈ రాత్రి చేయాల్సిన పని చెప్తాను. వంటగది సర్దేశాక గోడకున్న తెలుగు క్యాలెండర్‌లో గడిచిపోయిన ఫిబ్రవరి కాగితం చింపి, వెనక్కి తిప్పండి. పెద్ద తెల్ల కాగితం దొరుకుతుంది. తలలో ఉన్నవన్నీ దాని మీద దించేయండి. వరస అక్కర్లేదు, పెద్దదీ చిన్నదీ అక్కర్లేదు. బాబు లెక్కల పరీక్ష, గ్యాస్ బుకింగ్, అత్తగారి మందుల చీటీ, పాప డ్యాన్స్ డ్రస్సు, బ్యాంకు క్లోజింగ్, వేపపువ్వు, పెళ్లి పిలుపు, కరెంటు బిల్లు, ఆటో అబ్బాయికి కొత్త టైము చెప్పడం. ఇరవై వస్తాయో, నలభై వస్తాయో రానివ్వండి. "చార్ట్" అని ఊరుకోకుండా "గురువారం లోపు నీలం చార్ట్ ఒకటి, బస్టాండ్ దగ్గర షాపులో" అని రాయండి. అమెరికాలో బేలర్ విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో ఒక ప్రయోగం ప్రచురించారు. 57 మంది యువతీయువకులను పడుకునే ముందు ఐదు నిమిషాలు ఏదో ఒకటి రాయమన్నారు. సగం మంది చేయాల్సిన పనులు రాశారు, మిగతావాళ్లు చేసేసిన పనులు రాశారు. చేయాల్సినవి రాసినవాళ్లు దాదాపు తొమ్మిది నిమిషాలు ముందుగా నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా నిద్ర పట్టింది. చిన్న ప్రయోగమే కానీ, ఏళ్ల తరబడి నా అనుభవమూ అదే చెప్పింది. కాగితం మీదకి వెళ్లిన పనిని తల అర్ధరాత్రి లేచి కాపలా కాయదు. మంచం పక్కన చిన్న పుస్తకం, పెన్సిలు పెట్టుకోండి. రెండింటికి మెలకువ వస్తే లైటు వేయకుండా ఒక్క మాట గీకి పడుకోండి. ఫోన్‌లో రాద్దామనుకోకండి. చేతిలోకి తీసుకుంటే గ్రూపు మెసేజ్‌లు కనిపిస్తాయి, ఇక తెల్లారిపోతుంది.

మర్నాడు ఆ కాగితం దగ్గర పెట్టుకుని, తేదీ ఉన్నవన్నీ మార్చి, ఏప్రిల్ పేజీల మీద గళ్లలో రాయండి. పాలలెక్క రాసుకుంటామే, అలాగే. బాబు పరీక్షలు హాల్ టికెట్ చూసి రాయండి, నోటి లెక్క వద్దు. బ్యాంకులో మీరు తప్పకుండా ఆలస్యంగా ఉండాల్సిన రోజులు, ఒంటిపూట మొదలయ్యే రోజు, ఏప్రిల్‌లో పాప ఎస్ఏ-2 పరీక్షలు, ఫీజు గడువు, అత్తగారి మందులు అయిపోయే రోజు, బడి చివరి రోజు. క్యాలెండర్ ఫ్రిజ్ పక్కన, అందరి కంటి ఎత్తులో ఉండాలి. ఇలా రాశాక ఒక సంగతి మీరే గమనిస్తారు. నెల మొత్తం ఒకేలా మీద పడటం లేదు. బాబు పరీక్షల మధ్య ఖాళీ రోజులుంటాయి. నాలుగైదు రోజులు మాత్రం రెండు మూడు పనులు ఒకే గడిలో గుద్దుకుంటాయి. నిజంగా గట్టిగా ఏర్పాటు చేసుకోవాల్సినవి ఆ నాలుగైదు రోజులే. సెలవు అడగాలన్నా, చెల్లెల్ని పిలిపించుకోవాలన్నా ఆ రోజులకే. మీ మేనేజరుకి ఇప్పుడే చెప్పండి. "సార్, ఫలానా రెండు రోజులు పొద్దున గంట ఆలస్యంగా వస్తాను, మా అబ్బాయి పదో తరగతి పరీక్ష. చివరి నాలుగు రోజులూ ఎంత రాత్రైనా ఉంటాను" అని తేదీలతో సహా చెబితే, చాలామంది ఒప్పుకుంటారు. ఆ రోజు పొద్దున అడిగితే ఒప్పుకోవడం కష్టం.

తర్వాత కొట్టివేత. ఇది చాలామంది ఆడవాళ్లకి చేయి రాని పని, అందుకే నేను గట్టిగా చెప్తున్నాను. మీ జాబితాలో ఈ నెల చేయకపోతే ఎవరికీ ఏమీ కాని పనులు కనీసం పది ఉంటాయి. ఉగాది పచ్చడి ఉండాల్సిందే. అది పావుగంట పని, ఆ రోజు పిల్లల నాలుక మీద పడాల్సిందే. బొబ్బట్లు అత్తగారికి ఇష్టమైతే స్వీట్ షాపులో పావుకిలో తెప్పించండి. ఇల్లంతా బూజు దులపడం, దుప్పట్లన్నీ ఉతకడం ఏప్రిల్ చివరికి నెట్టేయండి. ఆవకాయ ఎలాగూ అప్పటి మాటే. పాప పాత యూనిఫాం పొట్టిదైందా? ఇంక నెలన్నరే కదా, మడిచిన అంచు విప్పి కుట్టించండి. కొత్తది జూన్‌కి. వేసవి క్యాంపుల కరపత్రాలు తీసి పక్కన పెట్టండి. వార్షికోత్సవం డ్రస్సు కొనకండి, అద్దెకి తెండి. ఒక్క సాయంత్రం కోసం కుట్టించిన ఘాగ్రాలు మా ఇంటి అటక మీద మూడున్నాయి, ఒక్కటీ రెండోసారి కట్టలేదు.

బాబు కాలేజీ సంగతీ అంతే. జనవరి నుంచే కాలేజీ పీఆర్వోలు ఫోన్లు చేస్తూ "ఇప్పుడు సీటు రిజర్వ్ చేసుకుంటే ఫీజులో తగ్గింపు" అంటారు. పదో తరగతి పిల్లాడున్న ప్రతి ఇంటికీ ఈ ఫోన్లు వస్తాయి. "పరీక్షలయ్యాక మాట్లాడతాం" అని ఒక్క మాట చెప్పి పెట్టేయండి. ఇంట్లోనూ ఆ చర్చ పరీక్షలు పూర్తయ్యేదాకా బంద్. వాడు వింటుండగా ఎంపీసీయా, బైపీసీయా అని పెద్దవాళ్లు వాదించుకుంటుంటే, వాడు రేపటి సోషల్ పేపరు ఎలా చదువుతాడు? పాలిటెక్నిక్‌లో చేరడానికి రాసే పాలిసెట్ లాంటివి రాయాలనుకుంటే మాత్రం దరఖాస్తు గడువు క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి. ఆ ఒక్కటీ ఆగదు.

ఇప్పుడు మీ వారి సంగతి. "రాత్రి పదికి వస్తారు" అని రాసి మీరు అక్కడితో వదిలేశారు. నేను వదలను. మందుల షాపు నడిపే మనిషి అంటే ఏమిటో ఆలోచించండి. ఏ మందు ఎప్పుడు అయిపోతుందో, ఏ స్ట్రిప్పు ఏ నెలలో ఎక్స్‌పైరీ అవుతుందో, ఏ ఏజెన్సీకి ఎంత బాకీ ఉందో గుర్తుపెట్టుకోవడమే ఆయన వృత్తి. అంత లెక్క చూసుకోగలిగిన మనిషికి పాప మధ్యాహ్నం భోజనం సంగతి అప్పజెప్పలేమా? ఇన్నాళ్లూ ఎవరూ అప్పజెప్పలేదు, అంతే. "కాస్త సాయం చేయండి" అనకండి. సాయం అంటే పని మీదే, ఆయనకి వీలున్నప్పుడు చేయి వేస్తారని అర్థం. పని మొత్తంగా ఇచ్చేయండి. ఒక ఆదివారం టీ తాగేటప్పుడు క్యాలెండర్ ముందు పెట్టి, "ఏమండీ, ఈ నెల నా వల్ల కావడం లేదు. ఈ రెండూ మీవి. ఒకటి, ప్రతి పరీక్ష రోజూ బాబుని సెంటర్ దగ్గర దింపడం. రెండు, ఒంటిపూట ఉన్నన్ని రోజులూ పాప మధ్యాహ్నం. ఆటో వచ్చిందా, అన్నం తిందా, అన్నీ మీరే చూసుకోవాలి. నేను అడగను" అని చెప్పండి.

ఆ చివరి మాట నిలబెట్టుకోవడం మీకే కష్టం. 12:45కి బ్యాంకులో కూర్చుని "పాప వచ్చిందా?" అని ఫోన్ చేస్తే పని మళ్లీ మీ తలలోకి వచ్చేసినట్టే. మొదటి రెండు మూడు రోజులు ఆయన తడబడతారు. పాప పెరుగన్నం బదులు బిస్కట్లతో సరిపెట్టుకుంటుంది. సరిపెట్టుకోనివ్వండి. నాలుగో రోజుకి ఆయన తన పద్ధతి తాను పెట్టుకుంటారు. షాపులో పనిచేసే కుర్రాణ్ణి పది నిమిషాలు పంపుతారో, షాపు వాళ్లకి అప్పజెప్పి ఆయనే వస్తారో, అది ఆయన చూసుకోవాల్సిన సంగతి.

అత్తగారు ఇంట్లో ఉన్నారు. మీరు ఆవిడని జబ్బుల జాబితాలో రాశారు. మనుషుల జాబితాలో కూడా రాయండి. బీపీ, షుగర్ ఉన్నంత మాత్రాన ఆవిడ మనవరాలికి అన్నం వడ్డించలేని మనిషి కాదనుకుంటాను. "అత్తయ్యా, మధ్యాహ్నం పాప మీ దగ్గరే ఉంటుంది, దానికి ఎక్కాలూ పద్యాలూ మీరే అప్పజెప్పించాలి" అని అడిగి చూడండి. నేను చూసినంతలో, పెద్దవాళ్లు బరువవుతున్నామన్న బాధతో ఇంట్లో ఒక మూల కూర్చుంటారు. పని అప్పజెబితే నడుం నిటారుగా అవుతుంది. ఎండ ముదిరే రోజులు కాబట్టి ఆటో దిగగానే పాపకి మజ్జిగ ఇవ్వడం, మూడు దాటేదాకా బయటికి వదలకపోవడం కూడా ఆవిడకే అప్పజెప్పండి.

ఇక బాబు. నాకు అన్నిటికంటే వాడి గురించే ఆలోచన. మీరు ఆ మాట అన్నారు, అది పడింది. దాన్ని అలా వదిలేసి పరీక్షల్లోకి వెళ్లనివ్వకండి. ఈ రెండు రోజుల్లోనే, వాడు ఒంటరిగా ఉన్నప్పుడు, వాడి మంచం మీద పక్కన కూర్చుని చెప్పండి. "ఆ రోజు నేనన్న మాట తప్పురా. నీ మార్కులకీ నా పరువుకీ సంబంధం లేదు. నాకు పని ఎక్కువై నీ మీద అరిచాను." అంతే చెప్పి ఆగండి. "కానీ నువ్వు కూడా ఫోన్..." అని మాత్రం కలపకండి. కలిపితే ముందు చెప్పినదంతా పోతుంది. వాడు "సర్లే అమ్మా" అని తల తిప్పుకోవచ్చు. పదిహేనేళ్ల పిల్లాడు అంతకంటే చెప్పడు. వాడికి వినబడింది, అది చాలు. ఫోన్ సంగతి వేరే రోజు మాట్లాడండి. రాత్రి తొమ్మిది తర్వాత ఇంట్లో అందరి ఫోన్లూ, మీదీ ఆయనదీ కూడా, హాల్లో ఒకే చోట చార్జింగ్‌కి పెట్టాలని చెబితే వాడికి అది శిక్షలా అనిపించదు.

రోజుకి ఎన్నిసార్లు "ఎంతవరకు చదివావు?" అని అడుగుతున్నారో ఒక రోజు లెక్కపెట్టుకోండి. దాన్ని ఒక్కసారికి తగ్గించండి. రాత్రి భోజనం దగ్గర, "రేపు నేనేం చేసి పెట్టాలి?" అని అడగండి. మొదట్లో ఏమీ లేదంటాడు. తర్వాత్తర్వాత "ఫిజిక్స్ డెఫినిషన్లు అడుగు", "ఐదింటికి లేపు" అని వాడే చెప్తాడు.

నేను స్పాట్ వాల్యుయేషన్‌కి చాలా ఏళ్లు వెళ్లాను. రోజుకి 40 జవాబు పత్రాలు దిద్దేవాళ్లం. అన్ని వేల పేపర్లు దిద్దాక నాకు బాగా అర్థమైన సంగతి ఒకటుంది. లెక్కల్లో చాలామంది పిల్లలకి మార్కులు పోయేది రాక కాదు, టైము చాలక. మొదటి రెండు పేజీలు ముత్యాల్లాంటి అక్షరాలు, ఆఖరి పెద్ద లెక్కకి వచ్చేసరికి సగంలో ఆగిన గీత. ఆ పిల్లాడికి అది వచ్చు, పై మూడు స్టెప్పులూ కరెక్టుగా ఉంటాయి. అందుకని పరీక్షలకి ముందు వచ్చే ఆదివారాల్లో రెండుసార్లు, పాత ప్రశ్నపత్రం ఇచ్చి, పొద్దున 9:30కి కూర్చోబెట్టి 12:45కి పెన్ను పెట్టించండి. అసలు పరీక్ష సమయం అదే, మొదటి పావుగంట ప్రశ్నపత్రం చదువుకోవడానికి. ఆ మూడుంబావు గంటలూ ఇంట్లో టీవీ వద్దు, ఎవరూ పిలవొద్దు. కొత్త పాఠాలు నాలుగు చదవడం కంటే అది ఎక్కువ పనికొస్తుంది. ఈ వయసు పిల్లలకి రోజుకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెప్తారు. పరీక్షల్లో పది కుదరకపోయినా ఏడుకి తగ్గనివ్వకండి. తెల్లవార్లూ చదివి వచ్చిన పిల్లలు హాల్లో ప్రశ్నను రెండుసార్లు చదివినా అందులో ఏమడిగారో పట్టుకోలేకపోవడం ఇన్విజిలేటర్‌గా నా కళ్లతో చూశాను.

పరీక్ష ముందు రోజు సాయంత్రం వాడి చేతే సర్దించండి, మీరు సర్దకండి. బయటికి కనిపించే ప్లాస్టిక్ పౌచ్‌లో హాల్ టికెట్, రెండు పెన్నులు, పెన్సిలు, రబ్బరు, స్కేలు, లెక్కల రోజు జామెట్రీ బాక్సు. విడిగా రైటింగ్ ప్యాడ్, నీళ్ల సీసా. హాల్ టికెట్ జెరాక్సు ఒకటి మీ వారి షాపు డ్రాయర్లో, ఒకటి మీ బ్యాగులో. మొదటి పరీక్షకి రెండు రోజుల ముందు తండ్రీకొడుకులు ఒకసారి సెంటర్ దాకా బండి మీద వెళ్లి రావాలి. పరీక్ష రోజు తొమ్మిదింటికల్లా గేటు దగ్గర ఉండేలా బయల్దేరాలి. టిఫిన్ ఇడ్లీ చాలు. పరీక్ష అయి వచ్చాక ప్రశ్నపత్రం ముందేసుకుని ఏ బిట్టు తప్పు, ఏది ఒప్పు అని లెక్కపెట్టడం వద్దు. బంధువులు ఫోన్ చేసి "ఎలా రాశాడు?" అంటే "రాసి వచ్చి పడుకున్నాడండీ" అని మీరే చెప్పండి.

ఒకవేళ ఏదైనా సబ్జెక్టు పోయినా, ఫలితాలొచ్చిన కొద్ది వారాల్లోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంటుంది. అది రాసి అదే ఏడాది ఇంటర్లో చేరిన పిల్లలు నా చేతుల మీదుగా ఎంతోమంది వెళ్లారు. సంవత్సరం పోదు. ఈ సంగతి వాడికి పరీక్షల ముందే, మామూలుగా మాటల్లో చెప్పండి. వాడు తిండి మానేసినా, గదిలోంచి బయటికి రాకపోయినా, "నేను లేకపోతే మీకు బాధ ఉండదు" లాంటి మాట నోట వచ్చినా చదువు సంగతి పక్కన పెట్టేసి వాడి దగ్గరే ఉండండి. వెంటనే డాక్టరుకి చూపించండి. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్లు పగలూ రాత్రీ ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ నంబరు మీ కోసం కూడా. కాగితం మీద రాసుకున్నా, పనులు పంచినా, రెండు వారాల తర్వాత కూడా మీకు నిద్ర పట్టకపోతే, ఏడుపు ఆగకపోతే, మొహమాటపడకండి.

వాట్సాప్ గ్రూపుని మ్యూట్ చేయండి. మధ్యాహ్నం భోజనం తర్వాత ఒకసారి, రాత్రి ఎనిమిదికి ఒకసారి చూస్తే చాలు. "థాంక్యూ మేడమ్"లు, దండాలు, పువ్వుల బొమ్మలు దాటుకుంటూ టీచరు పెట్టిన మెసేజ్ మాత్రం చదివి, తేదీ ఉంటే క్యాలెండర్ మీదకి ఎక్కించండి. నిజంగా అత్యవసరమైతే బడివాళ్లు ఫోన్ చేస్తారు. మేం చేసేవాళ్లం.

మీరు రాయని విషయం ఒకటి అడుగుతాను. పొద్దున మీరెక్కడ తింటున్నారు? గట్టు దగ్గర నిలబడి, ఒక చేత్తో క్యారేజీ మూత పెడుతూ, పిల్లలు వదిలేసిన సగం ఇడ్లీ నోట్లో వేసుకుని బస్సుకి పరుగెత్తుతున్నారని నా అనుమానం. నేనూ ఏళ్ల తరబడి అలాగే తిన్నాను. తర్వాత రక్తం తక్కువుందని డాక్టరు చెప్పాకే కుర్చీలో కూర్చోవడం నేర్చుకున్నాను. పళ్లెం పెట్టుకోండి. కూర్చోండి. పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాల కోసం కావాలంటే కూర ఒకటి తగ్గించండి, పచ్చడీ పప్పూ చాలు. మీరు కూర్చుని తినడం ఇంట్లో మిగతావాళ్లు చూడటం కూడా అవసరమే. అమ్మ ఎప్పుడూ నిలబడే ఉండే ఇంట్లో పిల్లలకి అమ్మ అలసిపోతుందన్న సంగతే తెలియదు.

"అందరూ నెట్టుకొస్తున్నారు కదా" అన్నారు. నేను గేటు దగ్గర నిలబడి ఏళ్ల తరబడి మార్చి నెల తల్లుల్ని చూశాను. ఇస్త్రీ చీరతో నవ్వుతూ వచ్చినావిడ స్టాఫ్ రూమ్‌లో కూర్చోగానే కళ్లు తుడుచుకునేది. ఫీజు కట్టడానికి వచ్చి, రశీదు చేతిలో పట్టుకుని, ఎందుకొచ్చానో గుర్తురాక రెండు నిమిషాలు నిలబడిపోయిన తల్లి ఉంది. మీకు కనిపిస్తున్నవాళ్లలో చాలామంది రాత్రి రెండింటికి మీలాగే మేలుకునే ఉంటారు. మీ బాబు క్లాసులో, మీ వీధిలోనే ఉండే ఒక తల్లితో మాట్లాడి చూడండి. "ఒక రోజు మావారు మీవాణ్ణి కూడా సెంటర్ దగ్గర దింపుతారు, ఒక రోజు మీరు మావాణ్ణి" అని మీరే ముందడుగు వేస్తే ఆవిడ కూడా ఊపిరి పీల్చుకుంటుంది.

బడికి చివరి రోజు మామూలుగా ఏప్రిల్ 23. ఆ వారంలో పాప ప్రోగ్రెస్ కార్డు తెచ్చే పని మీ వారికి ఇవ్వండి. బాబుకి ఇప్పుడే ఒక ఫైలు కొని, ఆధార్ జెరాక్సులు, ఫొటోలు, స్టడీ సర్టిఫికెట్లు, ఉంటే కుల, ఆదాయ ధ్రువపత్రాలు అందులో పెట్టమనండి. ఫలితాలొచ్చాక మార్కుల మెమో, టీసీ కూడా అందులోకే వెళ్తాయి. జూన్‌లో కాలేజీ కౌంటర్ దగ్గర నిలబడి ఇంటికి ఫోన్లు చేసుకునే పని తప్పుతుంది.

ఇక మీరు చివర్లో, చిన్న మాట అంటూ అడిగింది. పాపకి అది చిన్నది కాదు, మీకూ కాదు కాబట్టే చివరిదాకా ఆపుకుని అడిగారు. కార్యక్రమం మూడు గంటలు ఉంటుంది. జ్యోతి వెలిగించడం, ముఖ్య అతిథి ప్రసంగం, బహుమతులు, ఆ తర్వాత డ్యాన్సులు. పాప డ్యాన్సు ఐదు నిమిషాలు. రేపే దాని టీచరుకి మెసేజ్ పెట్టి వరసలో ఎన్నో నంబరో, సుమారుగా ఎన్నింటికి వస్తుందో కనుక్కోండి. మీ పరిస్థితి చెబితే, వీలైతే కాస్త ముందుకో వెనక్కో జరుపుతారు. మేం అలా ఎంతమందికి జరిపామో! మేనేజరుకి ఆ రోజు గంట పర్మిషన్ ఇప్పుడే అడగండి, మళ్లీ వచ్చి కూర్చుంటానని చెప్పండి. తెనాలిలో బ్యాంకు నుంచి బడికి ఎంత దూరం ఉంటుంది కనుక? మీరొచ్చేదాకా మీ వారూ అత్తగారూ ముందు వరసలో ఉంటారు. మీరు ఎక్కడ నిలబడతారో పాపకి ముందే చెప్పి పెట్టండి, స్టేజీకి కుడివైపు, సౌండ్ బాక్స్ పక్కన అని. అది పాట మొదలవగానే ముందు అటే చూస్తుంది.